చెట్ల సర్వేకి మనుషులు కావాలి: ఎవరిని తీసుకోవాలి, ఎలా పరీక్షించాలి?

మర్రినీడ
హైదరాబాద్‌లో మాది చిన్న ఆఫీసు. కాలనీలవాళ్ళు, కాలేజీలవాళ్ళు, లేఔట్లు వేసేవాళ్ళు పిలిస్తే వెళ్తాం. చెట్లు లెక్కబెట్టి, కొలిచి, ఏది ఉంచొచ్చు, ఏ కొమ్మ తీయాలి, ఏ చెట్టు కింద బెంచీ వేయకూడదు అన్నది రాసిస్తాం. ఇన్నాళ్ళూ ముగ్గురం నెట్టుకొచ్చాం. వేసవి ఈదురుగాలుల్లోపు మూడు పెద్ద ప్రాంగణాలు పూర్తి చేయాలి, ఇంకో నలుగురు కావాలి.

"చెట్ల సర్వేయర్లు కావలెను" అని ప్రకటన వేస్తే డెబ్భై పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. అందులో సగం మంది భూమి కొలిచే సర్వేయర్లు. మిగతావాళ్ళలో బోటనీ పీజీలు ఎక్కువ. ఆరుగుర్ని ఎంచి ఒక కాలనీ పార్కుకి తీసుకెళ్ళాను. ముగ్గురు గంగరావిని రావి అని రాశారు. ఒకరు ప్రతి చెట్టుకీ ఫోన్ ఎత్తి యాప్ ఏం చెబితే అదే రాశారు. అదీ సర్దుకోవచ్చు, పేర్లు నేర్పించొచ్చు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. ఆరుగురిలో చురుకైన కుర్రాడు ఒక వాలిన వేపని రెండు నిమిషాలు చూసి "ప్రమాదకరం, తొలగించాలి" అని రాశాడు. కాలనీ సెక్రటరీ పక్కనే ఉన్నాడు. ఆ కాగితం ఆయన చేతికి వెళ్ళుంటే కొట్టే అనుమతికి దరఖాస్తు ఆ సాయంత్రమే వెళ్ళేది. ఆ వేప వయసు ఆ కుర్రాడికి రెండింతలైనా ఉంటుంది.

ఎలాంటివాళ్ళని తీసుకోవాలి? మీలో ఈ పని చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు చెప్పండి.

డ్రోన్_శ్రీను
ఇంతమంది మనుషులెందుకు? డ్రోన్ ఎగరేసి లైడార్ (లేజర్ కొలత) తీస్తే ఎత్తు, గుబురు వెడల్పు, జీపీఎస్ అన్నీ ఒక పూటలో వచ్చేస్తాయి. పేర్లు సరిచూడ్డానికి ఒక్క బోటనీ మనిషి చాలు.

కొలతటేపు
శ్రీనూ, పైనుంచి నీకు ఆకులు కనిపిస్తాయి. చెట్టు పడేది మొదట్లో పుచ్చితే. సిమెంటు దిమ్మె కట్టి మొదలంతా కప్పేసిన చెట్టు దగ్గర డ్రోన్‌కి ఏం కనిపిస్తుంది?

డ్రోన్_శ్రీను
ఒప్పుకుంటా. కానీ లెక్క, ఎత్తు, మ్యాపు పని నాకు వదిలేస్తే మీ మనుషులు మొదలు చూసుకోవడానికి టైం మిగులుతుంది కదా. వద్దనకండి.

మర్రినీడ
వద్దనట్లేదు తమ్ముడూ. మ్యాపు వరకు నీలాంటివాళ్ళతోనే చేయిస్తున్నాం. ఇక్కడ అడిగేది మొదట్లో మోకాళ్ళ మీద కూర్చునే మనిషి గురించి.

బీట్‌గార్డ్_రిటైర్డ్
ముప్పై రెండేండ్లు అడవిలో నౌకరి చేసిన. నా మాట వినుండ్రి. మీరు డిగ్రీలు చూసి పిలుస్తున్నరు, చెట్టుతోని బతికినోళ్ళని పిలుస్తలేరు. మా దిక్కు అడవి బేస్‌క్యాంపుల కావలి పనిచేసిన వాచర్లున్నరు. పదో తరగతి తప్పిండు కావచ్చు, కానీ ఎండకాలంల ఆకు లేకుంటె గూడ బెరడు చూసి చెప్తడు. నల్లమద్ది బెరడు మొసలి వీపు లెక్క పలకలు పలకలు ఉంటది. తెల్లమద్ది నున్నగ ఉండి పొరలు ఊడుతది. గది బొమ్మల చూసి నేర్చుకునేది కాదు, చెయ్యి పెట్టి నేర్చుకోవాలె.

ఇంకోటి. మా దగ్గర కొత్తగ వచ్చినోనికి మొదటి వారం టేపు ఇయ్యకపోయేది. ఊకె చెట్టు చుట్టు తిరుగుమనేది. ఒక్క దిక్కు నుంచి చూసి రాస్తె తిట్టేది. మీ పోరడు గా వేపని ఎన్ని దిక్కుల నుంచి చూసిండు? రెండు నిమిషాలల్ల చుట్టు గూడ తిరిగి ఉండడు.

వాలుడు గురించి చెప్త. చిన్నప్పుడు నీడల పడి వాలి, తర్వాత కొస మీదికి లేచి నిటారు పోయిన చెట్టు, అది వాలినా గట్టిగనే నిలబడి ఉంటది. కొత్తగ వాలిన చెట్టుకు కొస గూడ అటే చూస్తది. వాలిన దిక్కుకు ఎదురు పక్క నేల పగులుతది, లేస్తది, వేర్లు తేలుతయి. గది చూసినంకనే "ప్రమాదం" అని రాయాలె.

మర్రినీడ
సార్, సరిగ్గా అదే. ఆ వేప కొస నిటారుగా ఉంది. ఎదురు పక్క నేలలో ఒక్క పగులు లేదు. కుర్రాడు మొండెం వంపు మాత్రమే చూశాడు.

ములుగు_బ్యాచ్2
వాచర్ల మీద నాకు గౌరవముంది సార్, మాకు సగం చెట్లు నేర్పింది వాళ్ళే. కానీ నాలుగేళ్ళు బీఎస్సీ ఫారెస్ట్రీ చదివిన మా సంగతేంటి? సిద్దిపేట జిల్లా ములుగులో 2016లో కాలేజీ మొదలైంది. చెట్ల జబ్బులు, కొలతలు, నేలలు అన్నీ చదువుకున్నాం. బయటికొస్తే మాకు తగ్గ ఉద్యోగాలు కొన్నే. అందరూ ఎఫ్ఆర్‌వో (అటవీ రేంజ్ ఆఫీసర్), సెక్షన్ ఆఫీసర్ పరీక్షలకి కూర్చుంటున్నారు, లేదా ఎమ్మెస్సీకి వేరే రాష్ట్రం పోతున్నారు.

మర్రినీడ గారూ, జీతం ఎంత వేశారు ప్రకటనలో?

మర్రినీడ
నెలకు 16 వేలు, పెట్రోలు వేరే. మూడు నెలల తర్వాత పెంచుతామని రాశాం.

ములుగు_బ్యాచ్2
అక్కడే ఉంది మేడమ్ సమాధానం. 16 వేలకి ఎండలో రోజుకు అరవై కిలోమీటర్లు బండి మీద తిరిగి, ఒక చెట్టు ఉండాలా పోవాలా అన్న సంతకం పెట్టాలి. ఆ డబ్బుకి మీ దగ్గరికి వచ్చేది ఇంకేదీ దొరకనివాళ్ళే. మా బ్యాచ్‌లో ఇద్దరు మీ ప్రకటన చూశారు, జీతం చూసి పక్కన పెట్టేశారు.

వేపపుల్ల
తమ్ముడు కుండబద్దలు కొట్టాడు.

మర్రినీడ
తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కాలనీలు చెట్టుకి ఇంత అని బేరమాడతాయి, ఆ లెక్కలో జీతం కుదించాను. దీని మీద మళ్ళీ రాస్తాను.

లీడ్స్‌లో_గుంటూరోడు
నేను వేల్స్‌లోని బాంగోర్‌లో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీ చేసి ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. ఇక్కడ ఎట్టా తీసుకుంటారో చెబుతా, పనికొచ్చేది ఏరుకోండి.

ఇక్కడ ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా స్థలంలో చెట్లుంటే ముందు చెట్ల సర్వే అడుగుతారు. దానికి బీఎస్ 5837 అని ఒక బ్రిటిష్ ప్రమాణం ఉంది, నేను చెప్పేది దాని 2012 కూర్పు సంగతి. చెట్లని నాలుగు తరగతులు చేస్తాం. నలభై ఏళ్ళకి పైగా ఉండగల మేలైనవి ఏ, ఇరవై ఏళ్ళకి పైన బీ, పదేళ్ళకి పైన సీ, పదేళ్ళు కూడా నిలవనివి యూ. మొండెం అడ్డకొలత 1.5 మీటర్ల ఎత్తులో తీస్తాం. దానికి పన్నెండింతలు వ్యాసార్థంతో చెట్టు చుట్టూ గీత గీసి, ఈ లోపల తవ్వొద్దు అంటాం.

మన లెక్కలో చెప్పాలంటే, చుట్టుకొలత 2 మీటర్లున్న వేప తీసుకోండి. 3.14తో భాగిస్తే అడ్డకొలత 64 సెంటీమీటర్లు. పన్నెండింతలంటే దాదాపు 7.6 మీటర్లు. మన దగ్గర డ్రైనేజీ కాలువ మొండేనికి అడుగు దూరంలో తవ్వుతారు, గాలొచ్చినప్పుడు చెట్టుని తిడతారు.

తీసుకునే సంగతికొస్తే, నన్ను ఇంటర్వ్యూలో బీచ్ అనే రకం పెద్ద చెట్టు దగ్గర నిలబెట్టి ఇరవై నిమిషాలు వదిలేశారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న "నీకు ఏం తెలియలేదు?" అని. మొదట్లో ఒక పుట్టగొడుగుంది, అది ఏదో నాకు తెలియలా. తెలియదు, ఫొటో తీశా, పెద్దవాళ్ళకి చూపిస్తా అన్నా. ఆ జవాబుకే నన్ను తీసుకున్నామని తర్వాత చెప్పారు. చేరాక ఆరు నెలలు ఒంటరిగా పంపలా. నైలాన్ సుత్తితో మొండెం కొట్టి చప్పుడు వినడం ఆ ఆరు నెలల్లోనే వచ్చింది. గట్టి చెక్క ఒక రకంగా మోగుద్ది, డొల్ల ఇంకో రకంగా. లాంట్రా అనే ఇక్కడి శిక్షణ సంస్థ వాళ్ళ చెట్ల తనిఖీ కోర్సు మూడు రోజులే, చివర్లో పరీక్ష. కానీ పని తెలియనివాడు ఆ పరీక్ష గట్టెక్కడం కష్టం.

కొలతటేపు
మొండెం కొలిచే ఎత్తు ఇంగ్లండ్‌లో 1.5 మీటర్లు, మన అటవీ శాఖలో 1.37 మీటర్లు, ఛాతి ఎత్తు అంటారు. ఇక్కడి రికార్డుతో పోల్చాలంటే 1.37 దగ్గరే కొలవండి. రెండూ కలిపేస్తే పదేళ్ళ తర్వాత చెట్టు పెరిగిందో సన్నబడిందో ఎవరికీ అర్థం కాదు.

బీట్‌గార్డ్_రిటైర్డ్
మంచిగ చెప్పినవ్. ఛాతి ఎత్తు అంటె ఎవని ఛాతికి వాడు పెట్టుడు కాదు. కట్టెకు 1.37 గీత పెట్టుకొని పోవాలె. వాలు నేల మీద ఎగువ దిక్కు నిలబడి కొలవాలె.

గోదారిపిల్ల
నేను విశాఖలో రెండేళ్ళు ఇదే పని చేశానండి. 2014 హుద్‌హుద్‌లో మా వీధిలో ఒక్క పెద్ద చెట్టూ మిగల్లేదు, అందుకే ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు మానేశాను. ఎందుకో చెబుతాను, మర్రినీడ అక్కకి పనికొస్తుంది.

నన్ను ఒక్కదాన్నే పంపేవారు. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే మధ్యాహ్నం దాకా బాత్రూమ్ ఉండేది కాదు. ప్రహరీ పక్కన ఒంటరిగా చెట్టు చుట్టూ తిరుగుతుంటే వాచ్‌మన్ నుంచి వచ్చేపోయే ప్రతివాడూ ఆపి అడిగేవాడే. చేతిలో ఉత్తరం, మెడలో కార్డు ఉన్నా నమ్మరు. ఒకసారి తలెత్తి కొమ్మల్ని చూస్తున్నాను, పెద్ద తేనెటీగల తుట్టె నేను చూడకముందే కదిలింది. పక్కన మనిషి లేదు. పరుగెత్తి ఒకరింట్లో దూరాను, లేకపోతే ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

ఆఫీసులో చెబితే "రోజుకి అరవై చెట్లు రావాలి, ఇద్దర్ని పంపితే గిట్టదు" అన్నారు. ఇద్దర్ని పంపండి అక్కా. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి. అమ్మాయిలు ఉద్యోగం మానేసేది ఎండకి కాదండి.

వేపపుల్ల
కుక్కల్ని మర్చిపోయారు. నా సంచిలో టేపు, సుత్తి, కంపాస్, బిస్కెట్ ప్యాకెట్ ఎప్పుడూ ఉంటాయి. నాలుగోది లేకుండా పాత కాలనీల్లో అడుగు పెట్టను.

గోదారిపిల్ల
అది నిజమేనండి, పార్లే బిస్కెట్లకి నా జీతంలో కొంత పోయేది :)

మర్రినీడ
గోదారిపిల్లా, నువ్వు చెప్పింది చదివాక ఒంటరిగా పంపే ఆలోచన మానేశాను. ఇక మా దగ్గర ఎప్పుడూ ఇద్దరే వెళ్తారు.

కొలతటేపు
రోజుకి అరవై చెట్లు అన్న మాట దగ్గర ఆగుదాం. నేనొకచోట చెట్టుకి ఇంత అని డబ్బిచ్చే పనిలో తనిఖీకి వెళ్ళాను. కాగితాల మీద అంతా బాగుంది. చుట్టుకొలతల చివరి అంకెలు చూశాను. 90, 120, 85, 150, 110. రెండొందల చెట్లలో చివర సున్నా, అయిదు తప్ప ఇంకో అంకె కనపడలేదు. టేపుతో కొలిస్తే 87 వస్తుంది, 113 వస్తుంది. ఇవన్నీ నీడలో కూర్చుని కంటితో వేసిన కొలతలు. మళ్ళీ కొలిపిస్తే పదిహేడు చెట్లు అసలు లేనే లేవు.

మనుషులు చెడ్డవాళ్ళని నేననను. చెట్టుకి ఇంత అని పెట్టినవాడిది తప్పు. రోజు కూలీ లేదా నెల జీతం ఇవ్వండి, పదింట ఒక చెట్టుని వేరే మనిషితో మళ్ళీ కొలిపించండి, ఆ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పండి.

కడియం_నర్సరీ
పేర్ల సంగతి ఎవరూ పూర్తిగా మాట్లాడలేదు. రావి ఆకు తుంచితే పాలు కారతాయి, ఆకు చివర పొడుగు తోక ఉంటుంది. గంగరావి ఆకు తుంచితే తెల్లపాలు రావు, పువ్వు పసుపు, బెండ పువ్వులా ఉంటుంది. ఇది చిన్నపిల్లలకి కూడా నేర్పొచ్చు. వేప, మలబార్ వేప తేడా కూడా అంతే. వేప ఈనెకి ఆకులు నేరుగా ఉంటాయి, మలబార్ వేపకి ఈనె మళ్ళీ చీలుతుంది.

పరీక్షలో రాసే పేరు మాత్రం తెలుగుదే అడగండి. శాస్త్రీయ నామం పుస్తకంలో ఉంటుంది.

ములుగు_బ్యాచ్2
దీన్ని ఒప్పుకోను. తెలుగు పేరు ఊరికొకటి. మా ఊళ్ళో జువ్వి అంటే ఒక చెట్టు, పక్క జిల్లాలో ఇంకోటి. నిద్రగన్నేరుని కొందరు దిరిసెన అంటారు, అవి రెండూ వేర్వేరు చెట్లు. రిపోర్టులో శాస్త్రీయ నామం లేకపోతే రేపు కోర్టులో నిలబడదు.

కడియం_నర్సరీ
కోర్టుకి సరే. కాలనీలో ముసలాయన "ఇదేం చెట్టమ్మా" అని అడిగితే అల్బీజియా అని చెబుతావా?

ములుగు_బ్యాచ్2
రెండూ రావాలి అంటున్నా అన్నా. రెండూ రాని మనిషిని తీసుకోవద్దంటున్నా.

వేపపుల్ల
2021లో తెలంగాణ అంతటా వేపలు కొసల నుంచి ఎండిపోయాయి గుర్తుందా? ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే కొమ్మఎండు తెగులు అది. అప్పుడు ఒక ప్రాంగణంలో సర్వే చేసినవాళ్ళు నలభై వేపలకి "చనిపోయింది" అని రాశారు. నేను వెళ్ళి గోటితో బెరడు గీకి చూశాను, లోపల పచ్చగా ఉంది. కొన్ని నెలల్లో చాలావాటికి కొత్త చిగురు వచ్చింది. ఒక్క గోటి గీత గీయనందుకు నలభై చెట్లు పోయేవి. మీ పరీక్షలో ఎండినట్టు కనిపించే ఒక చెట్టు తప్పకుండా పెట్టండి. గోరు పెట్టిందెవరో చూడండి.

బీట్‌గార్డ్_రిటైర్డ్
పాలమూరు పిల్లలమర్రి సంగతి గూడ గంతే. 2017 డిసెంబర్ల పెద్ద కొమ్మ విరిగి పడ్డది. చెదలు లోపల తినేసినయ్. తర్వాత సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన ఫొటోలు దేశమంత చూసింది. సీసాలు కట్టినోళ్ళకు దండం. కానీ చెదల మట్టి గీత మొదటిసారి కొమ్మ మీద కనవడ్డ రోజే చెప్పే మనిషి కావాలె. మనం వెతికేది గా మనిషినే.

చేవెళ్ళ_బస్సు
నేను ఉద్యోగస్తుణ్ణి కాదు, చేవెళ్ళ దారి మర్రుల కోసం పనిచేసిన వాలంటీర్లతో కొన్ని ఆదివారాలు తిరిగాను. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దారికి అటూ ఇటూ తొమ్మిది వందల పైచిలుకు మర్రులు. రోడ్డు వెడల్పు గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, అన్నిటికన్నా ముందు లేవాల్సిన ప్రశ్న "అసలు ఎన్ని చెట్లు, ఎక్కడెక్కడ" అన్నదే. ఊడలు దిగిన మర్రిని ఒక చెట్టుగా లెక్కపెట్టాలా, మూడుగానా? కొలత ఊడలతో కలిపా, విడిగానా? ముందే నియమం రాసుకోకపోతే ఇద్దరు నిజాయితీపరులకే రెండు లెక్కలొస్తాయి.

మాతో తిరిగినవాళ్ళలో అందరికన్నా బాగా రాసింది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయనకి చెట్ల పేర్లు పది కూడా రావు. కానీ ఒక్క గడి ఖాళీ వదిలేవారు కాదు, తెలియని చోట "తెలియదు" అని రాసేవారు.

లీడ్స్‌లో_గుంటూరోడు
ఆ మాస్టారు ఇక్కడుంటే మా ఆఫీసు రేపే తీసుకునేది.

కొలతటేపు
ఇంకో మాట ఉంది, ఎవరూ ఎత్తట్లేదు. ఒత్తిడి. ఒక బిల్డర్ మనిషి నాతో "ఈ నిద్రగన్నేరు లోపల డొల్ల అని రాయండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. కవరు కూడా చూపించాడు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది, అనుమతి లేకుండా కొట్టకూడదు. అందుకే కొట్టాలనుకున్నవాడికి మన సంతకం కావాలి. ఇరవై మూడేళ్ళ పిల్లాడు, 16 వేల జీతం, ఎదురుగా అయిదు వేల కవరు. వాడు ఎవరికి ఫోన్ చేయాలి? ఫోన్ చేస్తే మీరు వాడి పక్షాన నిలబడతారా, క్లయింటు పోతాడని సర్దుకుపొమ్మంటారా? ఇది ఇంటర్వ్యూలో వాడు మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న.

గోదారిపిల్ల
నన్నూ అడిగారండి అలా. మా ఆఫీసు సర్దుకుపొమ్మంది. మానేయడానికి అసలు కారణం అదేనండి. పైన రాయలేకపోయాను.

మర్రినీడ
గోదారిపిల్లా, రాసినందుకు థాంక్స్.

ఒక నియమం పెడుతున్నాం. "తొలగించాలి" అన్న మాట ఒక్కరి సంతకంతో వెళ్ళదు. చూసినవాళ్ళిద్దరూ, వాళ్ళ తర్వాత నేనూ వెళ్ళి చెట్టు చుట్టూ తిరిగాకే వెళ్తుంది. అందువల్ల క్లయింటు పోతే పోతాడు. సర్వేయర్ మీద ఆ బరువు వేయను.

మర్రినీడ
మూడు వారాల తర్వాత రాస్తున్నా. జీతం 24 వేలు చేశాం, దానికి ఒక ప్రాంగణం పని వదులుకోవాల్సి వచ్చింది. ఇన్సూరెన్స్ కట్టాం. సర్వేయర్లు చెట్టెక్కకూడదని రాతపూర్వకంగా పెట్టాం. పైనున్న తొర్ర చూడాల్సొస్తే మోకు కట్టి ఎక్కే గీత కార్మికుణ్ణి రోజు కూలీకి పిలుస్తాం.

ఈసారి పరీక్ష ఒక్క చెట్టు దగ్గరే, ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. పాత తురాయి, మొదట్లో సిమెంటు దిమ్మె, ఒక పక్క వేరు కోసేసి ఉంది, రెండు కొమ్మలు కలిసే చోట బెరడు లోపలికి మడతపడి ఉంది. పక్కనే ఎండినట్టున్న వేప. పద్నాలుగు మంది వచ్చారు. దిమ్మె చుట్టూ పూర్తిగా తిరిగింది అయిదుగురు. వేపకి గోరు పెట్టింది ముగ్గురు. "నాకు తెలియనివి" అన్న గడిలో ఏదైనా రాసింది నలుగురు.

తీసుకున్నది: ములుగు నుంచి ఇద్దరు, ఆసిఫాబాద్ దగ్గర వాచర్‌గా చేసిన ఒకాయన, భూమి సర్వేయర్ ఒకమ్మాయి. చివరి పేరు నేనే అనుకోలేదు. ఆమెకి చెట్ల పేర్లు ఎనిమిదే వచ్చు. కానీ కోసిన వేరు ఎటువైపుందో కంపాస్ పెట్టి దిక్కుతో సహా రాసింది, గాలి ఎటు నుంచి వస్తుందని నన్నే అడిగింది. వాచర్ గారికీ ఆమెకీ జత కలిపాం. ఆయన చెబుతారు, ఆమె రాస్తుంది.

బీట్‌గార్డ్_రిటైర్డ్
మస్తు ఖుషీ అయింది. ఆయనకు మంచి చెప్పులు ఇప్పియ్యుండ్రి, మాకు ఎన్నడు ఇయ్యలే.

మర్రినీడ
బూట్లు కొన్నాం సార్, సైజు చూసి మరీ.

ములుగు_బ్యాచ్2
మా వాళ్ళిద్దరూ ఎవరో నాకు తెలిసిపోయింది. పార్టీ అడుగుతా.

వేపపుల్ల
ఇంతకీ మొదటి పోస్టులో వాలిన వేప ఏమైంది?

మర్రినీడ
ఉంది. ఎండిన కొమ్మ ఒకటి తీయించాం, కింద ఉన్న ఉయ్యాల పది అడుగులు అవతలికి జరిపించాం. మొండేనికి తూకపు దారం కట్టి వాలు కొలిచి రాసిపెట్టుకున్నాం. జూన్‌లో గాలులు తగ్గాక అదే చోట మళ్ళీ కొలుస్తాం. మొదట "తొలగించాలి" అని రాసిన కుర్రాడు రెండో పరీక్షకి కూడా వచ్చాడు. ఈసారీ తీసుకోలేకపోయాను. జూన్‌లో దారం పట్టుకోవడానికి రమ్మన్నాను, వస్తానన్నాడు.